అర్మేనియన్ భాష ఎక్కడిది, దాని లిపి ఎలా పుట్టింది?

కలం_కాగితం

లిపుల చరిత్ర మీద నాకు చాలాకాలంగా ఆసక్తి. మన తెలుగు లిపిని ఫలానా ఆయన తయారుచేశాడని చెప్పలేం. బ్రాహ్మి నుంచి బయలుదేరి, భట్టిప్రోలు, శాలంకాయనులు, వేంగీ చాళుక్యుల శాసనాల మీదుగా తరతరాల చేతుల్లో గుండ్రబడుతూ వచ్చింది. అర్మేనియన్ల సంగతి వేరు. వాళ్ల లిపికి కర్త ఉన్నాడు, ఆయన పుట్టిన ఊరు తెలుసు, అక్షరాలు కుదిరిన ఏడు దాదాపుగా తెలుసు, ఆయన సమాధి కూడా ఉంది. పేరు మెస్రోప్ మష్టోత్స్. క్రీ.శ. 405 ప్రాంతంలో 36 అక్షరాలు చేశాడు. 1,600 ఏళ్లు దాటినా అవే వాడుతున్నారు.

తెలిసినవాళ్లు ఇక్కడ ఉన్నారు కాబట్టి అడుగుతున్నాను. ఆ కాలంలో కొత్తగా లిపి చేయాల్సిన అవసరం ఎందుకు వచ్చింది? పక్కనే గ్రీకు ఉంది, సిరియాక్ ఉంది, వాటితో రాసుకోకూడదా? ఇంకోటి, అర్మేనియన్ పారశీకానికి శాఖ అని ఒకచోట చదివాను, కాదని మరోచోట చదివాను. ఏది నిజం?

పెద్దబాలశిక్ష

మంచి చర్చ మొదలుపెట్టారు. లిపి సంగతి ముందు చెబుతాను, భాష సంగతి తర్వాత.

అర్మేనియా 4వ శతాబ్దం మొదట్లోనే క్రైస్తవాన్ని రాజ్యమతంగా తీసుకుంది. సంప్రదాయం ప్రకారం ఆ ఏడు 301. కానీ చర్చిలో చదివేది గ్రీకు, లేకపోతే సిరియాక్. కూర్చున్నవాళ్లకు ఒక్క ముక్క అర్థం కాదు. చదివింది మళ్లీ ఇంకొకరు నిలబడి నోటిమాటగా అర్మేనియన్‌లో చెప్పాలి. ఇలా దాదాపు వందేళ్లు నడిచింది. ఈలోగా 387లో రోమ్, పర్షియా కలిసి ఆ దేశాన్ని పంచుకున్నాయి. పెద్ద వాటా పర్షియాకు పోయింది. ఒక పక్క గ్రీకు పాలన, ఒక పక్క పారశీక పాలన, మధ్యలో ఒక జాతి. సొంత రాత లేదు.

మష్టోత్స్ తారోన్ ప్రాంతంలో హత్సెకత్స్ అనే పల్లెలో పుట్టాడు. గ్రీకు చదువుకున్నాడు, పారశీకం, సిరియాక్ వచ్చు, రాజాస్థానంలో లేఖకుడిగా పనిచేశాడు. అది వదిలేసి సన్యాసం తీసుకుని, అరాక్స్ నది ఒడ్డున గోఘ్తన్ అనే చోట ప్రచారానికి వెళ్లాడు. జనానికి అర్థమయ్యే భాషలో పుస్తకం లేకుండా చెప్పిన బోధ నిలవదని ఆయనకు అక్కడే తెలిసొచ్చింది. మతపెద్ద సాహక్ పార్థెవ్‌తో మాట్లాడాడు. ఇద్దరూ కలిసి రాజు వ్రంషాపుహ్ దగ్గరకు వెళ్లారు. రాజు ఒక సంగతి చెప్పాడు: దానియేలు అనే సిరియా బిషప్పు దగ్గర అర్మేనియన్‌కు పనికొచ్చే అక్షరాలేవో ఉన్నాయని.

ఆ అక్షరాలు తెప్పించి పిల్లలకు రెండేళ్లు నేర్పించారు. కుదరలేదు. భాషలో ఉన్న ధ్వనులన్నిటికీ ఆ అక్షరాలు సరిపోలేదు. నాకు ఈ కథలో అన్నిటికన్నా నచ్చే భాగం ఇదే. లిపి దొరికిందని సంబరపడి సర్దుకుపోలేదు. రెండేళ్లు వాడి చూసి, చాలదని తేల్చి, పక్కన పెట్టారు.

తర్వాత మష్టోత్స్ శిష్యులను వెంటబెట్టుకుని ఎడెస్సా, అమిడ, సమోసాటా పట్టణాలు తిరిగాడు. అప్పట్లో అవి చదువుకు, పుస్తకాలకు కేంద్రాలు. అక్షరాలు అక్కడ కుదిరాయి. సమోసాటాలో రుఫీనస్ అనే గ్రీకు లేఖకుడు వాటి రూపాలను తీర్చిదిద్దాడు. వెంటనే అనువాదం మొదలైంది. మొదట రాసిన వాక్యం బైబిల్లోని సామెతల గ్రంథంలోది: జ్ఞానాన్ని, ఉపదేశాన్ని తెలుసుకోవడానికి, వివేకపు మాటలు గ్రహించడానికి.

ఇదంతా మనకు చెప్పింది కొర్యూన్. మష్టోత్స్ శిష్యుడు. గురువు 440లో పోయాక కొద్ది ఏళ్లకే ఆయన జీవితం రాశాడు.

కలం_కాగితం

మాస్టారూ, గ్రీకు అక్షరాలు ఎందుకు చాలలేదో ఒక ఉదాహరణతో చెప్పగలరా?

పెద్దబాలశిక్ష

గ్రీకులో 'శ' లేదు, 'చ' లేదు, 'జ' లేదు. అర్మేనియన్‌లో చ, ఛ, జ, శ మాత్రమే కాదు, మన 'చాప'లో పలికే దంత్య చకారం వంటివి, దాని ఒత్తు రూపం, 'జాము'లో జకారం వంటిది, ఇంకా ఫ్రెంచి వాళ్లు పలికే ఝ వంటిది కూడా ఉన్నాయి. ప-ఫ-బ, త-థ-ద, క-ఖ-గ అని మూడేసి స్పర్శాలు. సిరియాక్‌లో హల్లులు కొన్ని దొరుకుతాయి కానీ అచ్చులు సరిగా రాయరు. గ్రీకు నుంచి అచ్చులు రాసే పద్ధతి తీసుకోవాలి, హల్లులకు మాత్రం సొంతంగా దారి వెతుక్కోవాలి. మష్టోత్స్ చేసింది అదే. ఎడమ నుంచి కుడికి రాత, అక్షరక్రమానికి వెన్నెముక గ్రీకుదే. గ్రీకులో లేని ధ్వనులకు కొత్త అక్షరాలు చేసి ఆ వరుస మధ్యమధ్యలో దూర్చాడు. 'ఉ' రాయడానికి గ్రీకువాళ్ల లాగే రెండక్షరాలు కలిపాడు.

యెరెవాన్_తెలుగోడు

నమస్తే అండీ. ఇక్కడ యెరెవాన్‌లో వైద్యం చదువుతున్నాను. మన తెలుగు పిల్లలు ఇక్కడ చాలామందే ఉన్నారు. చదువు ఇంగ్లీషులోనే, కానీ ఆసుపత్రిలో రోగులతో మాట్లాడాలి కాబట్టి అర్మేనియన్ నేర్పిస్తారు.

బోర్డులు చదవడం మొదట్లో కష్టం. ఇంగ్లీషు 'యు' లాంటి అక్షరం కనిపిస్తుంది, అది 'స'. 'ఎన్' లాంటిది కనిపిస్తుంది, అది 'ఒ', మాట మొదట్లో వస్తే 'వొ'. 'క్యూ' లాంటిది 'జ'కు దగ్గరి ధ్వని. 'జీ' లాంటిది 'త్స'. 'హెచ్' లాంటిది మాత్రం నిజంగానే 'హ'. మొత్తం 38 అక్షరాలు నేర్చుకుంటే చాలు, చూసింది చూసినట్టు చదవొచ్చు. ఇక్కడ బడిలో 39 అని చెబుతారు, 'యెవ్' అనే కూడలి అక్షరాన్ని కూడా లెక్కేసి.

ఒక్కటే చిక్కు. హల్లుల మధ్య చిన్న 'అ' లాంటి ధ్వని పలుకుతారు కానీ రాయరు. మ్కర్తిచ్ అనే పేరు రాతలో మ-క-ర-త అని వరుసగా హల్లులే, ఆ తర్వాత ఇ, చ. పలకడం మాత్రం 'మకర్తిచ్'కు దగ్గరగా ఉంటుంది. ప్రతి అక్షరంలోనూ అచ్చును చూడటానికి అలవాటుపడ్డ మన కళ్లకు ఇది పట్టుబడటానికి కాస్త టైం పడుతుంది.

ప్రశ్నార్థకం వాక్యం చివర పెట్టరు. ఏ మాట గురించి అడుగుతున్నారో ఆ మాటలో ఊనిక పడే అచ్చు మీద పెడతారు. "నువ్వు రేపు వస్తావా" అన్నప్పుడు "రేపేనా" అని అడుగుతున్నారో, "నువ్వేనా" అని అడుగుతున్నారో రాతలోనే తెలిసిపోతుంది. నాకు చాలా నచ్చిన పద్ధతి ఇది.

గ్లెండేల్_గౌరి

ప్రశ్నార్థకం సంగతి నిజం. వాక్యం చివర మాత్రం రెండు చుక్కలు నిలువుగా పెడతారు, అదే వాళ్ల ఫుల్‌స్టాప్. ఇక్కడ అమెరికాలో, మా గ్లెండేల్ వీధిలో సగం దుకాణాల బోర్డులు ఇలాగే ఉంటాయి.

ఇసుకతిన్నె

ఒక్క మనిషి కూర్చుని లిపి చేశాడంటే నాకు కొంచెం అనుమానం. దేవుడు కలలో కనిపించి రాయి మీద అక్షరాలు రాసి చూపించాడని కూడా ఒక కథ ఉంది కదా. ఇలాంటివి తర్వాత కాలంలో అల్లినవి కావచ్చు. అంతకుముందు అర్మేనియన్లకు రాత లేనే లేదా?

పెద్దబాలశిక్ష

మంచి ప్రశ్న. దర్శనం కథను విస్తరించి చెప్పింది మోవ్సెస్ ఖొరెనాత్సి. కొర్యూన్ రాతలో దైవకృప ఉంది, కానీ దానితోపాటు తిరిగిన ఊళ్లు, కలిసిన మనుషులు, దానియేలు అక్షరాలతో పడ్డ ఇబ్బంది, రుఫీనస్ సాయం అన్నీ ఉన్నాయి. దర్శనం ఒక్కటే ఆధారమైతే మీ అనుమానం నిలిచేది. మిగతా వివరాలన్నీ పనిచేసే మనిషి పద్ధతిని చూపిస్తున్నాయి.

అంతకుముందు రాత లేదని కాదు, వాళ్ల భాషలో లేదు. అర్తాషెస్ రాజు క్రీ.పూ. 2వ శతాబ్దంలో వేయించిన సరిహద్దు రాళ్లు అరామయిక్‌లో ఉన్నాయి. గార్ని కోట శాసనం గ్రీకులో ఉంది. రాజులకు రాత కావాలంటే పరాయి భాష వాడేవాళ్లు.

405 తర్వాత ఏం జరిగిందో చూడండి. ఒక తరంలోనే బైబిలు పూర్తయింది, చరిత్రలు వచ్చాయి, యెజ్నిక్ కొఘ్బత్సి మతవాదాలను ఖండిస్తూ తర్కగ్రంథం రాశాడు. 5వ శతాబ్దాన్ని వాళ్లు స్వర్ణయుగం అంటారు. లిపి మెల్లగా ఎదిగి ఉంటే, ఏమీ లేని చోటు నుంచి ఒకేసారి ఇంత సాహిత్యం రాదు. శిష్యులను ఎడెస్సాకు, కాన్‌స్టాంటినోపుల్‌కు పంపి పుస్తకాలు తెప్పించి అనువదించారు. ఆ అనువాదకులను చర్చి ఇప్పటికీ పుణ్యపురుషులుగా కొలుస్తుంది, ఏటా వాళ్ల పేరిట ఒక పండుగ జరుగుతుంది. అనువాదకులకు పండుగ ఉన్న జాతి నాకు తెలిసి ఇంకోటి లేదు.

ఆ అనువాదాల వల్ల లోకానికి మరో మేలు జరిగింది. యూసేబియస్ రాసిన కాలక్రమ చరిత్ర మొదటి భాగం గ్రీకు మూలం పోయింది, అర్మేనియన్‌లో మిగిలింది. అలెగ్జాండ్రియా తత్త్వవేత్త ఫైలో రచనల్లో కొన్ని అర్మేనియన్‌లోనే దొరుకుతున్నాయి. ఇరెనేయస్ రాసిన ఒక పుస్తకం పూర్తిగా పోయిందనుకున్నారు, 1904లో యెరెవాన్‌లో అర్మేనియన్ ప్రతి బయటపడింది.

ఇసుకతిన్నె

ఆ స్వర్ణయుగం వాదన బలంగానే ఉంది. మరి జార్జియన్ లిపి కూడా ఆయనే చేశాడంటారు, అది?

పెద్దబాలశిక్ష

కొర్యూన్ అలా రాశాడు. జార్జియన్‌కు, కాకసస్ అల్బేనియన్‌కు కూడా (ఐరోపాలోని అల్బేనియాతో దీనికి సంబంధం లేదు) మష్టోత్స్ అక్షరాలు చేశాడని. జార్జియా పండితులు ఒప్పుకోరు. ఈ చర్చలో జాతిగౌరవాలు కలిసిపోయాయి కాబట్టి నేను తీర్పు చెప్పను. మూడూ ఒకే కాలంలో, ఒకే అవసరం కోసం, గ్రీకు క్రమాన్ని నమూనాగా పెట్టుకుని వచ్చాయన్నది మాత్రం స్పష్టం.

అల్బేనియన్ లిపి కథ వేరు. అది పూర్తిగా మాయమైపోయింది. 1937లో ఒక అర్మేనియన్ రాతప్రతిలో దాని అక్షరాల పట్టిక బయటపడింది, 52 అక్షరాలు. చదవడానికి పాఠం ఏదీ లేదు. సీనాయి కొండ మీది సెయింట్ కేథరిన్ మఠంలో 1975లో కొత్తగా దొరికిన రాతప్రతుల్లో, పైన జార్జియన్ రాసి కింద చెరిపేసిన రాత ఉన్నవి రెండు కనిపించాయి. జార్జియా పండితుడు జాజా అలెక్సిద్జె ఆ కింది రాత అల్బేనియన్ అని 1990లలో గుర్తించాడు. ఒక అర్మేనియన్ పాఠ్యపుస్తకం కాపాడిన పట్టిక లేకపోతే ఆ భాషను ఇవాళ చదవగలిగేవాళ్లం కాదు.

నిజాంసాగర్

అక్షరాలతోనే లెక్కలు కూడా రాస్తరని విన్న. మన కటపయాది లెక్కనా?

కలం_కాగితం

నేను చదివినంతలో కటపయాదికి తేడా ఉందన్నా. కటపయాదిలో అక్షరం అంకెను సూచిస్తుంది, స్థానం విలువ ఇస్తుంది. అర్మేనియన్‌లో ప్రతి అక్షరానికి స్థిరమైన విలువ, అన్నీ కూడుకోవాలి. మొదటి తొమ్మిది 1 నుంచి 9, తర్వాతి తొమ్మిది 10 నుంచి 90, ఆపైన 100 నుంచి 900, చివరి తొమ్మిది 1000 నుంచి 9000. తొమ్మిది నాలుగులు ముప్పై ఆరు. 36 అక్షరాలు సరిగ్గా సరిపోయాయి! చివర్లో ఉన్న 'ఓ', 'ఫె' మధ్యయుగాల్లో చేరినవి కాబట్టి వాటికి పాత లెక్కలో చోటు లేదు.

మొదటి అక్షరం 'ఐబ్' అస్త్వత్స్ అనే మాటకు, అంటే దేవుడికి, చివరి అక్షరం 'కె' క్రీస్తుకు అని అక్కడి పెద్దలు పిల్లలకు చెబుతారట.

యెరెవాన్_తెలుగోడు

అవును. ఒషాకన్‌లో మష్టోత్స్ సమాధి ఉన్న చర్చికి ఒకటో తరగతి పిల్లలను తీసుకొస్తారు. అక్షరాలు నేర్చుకున్నాక అక్కడికి తీసుకెళ్లడం ఆనవాయితీ. మన అక్షరాభ్యాసం అక్షరాలు దిద్దకముందు, వాళ్లది దిద్దిన తర్వాత. అరగత్స్ కొండ పక్కన అర్తషావన్ దగ్గర 2005లో, లిపికి 1,600 ఏళ్లు నిండినప్పుడు, 39 అక్షరాలను నిలువెత్తు రాళ్లుగా చెక్కి నిలబెట్టారు.

పెద్దబాలశిక్ష

ఇక భాష సంగతి. కలం గారు అడిగిన రెండో ప్రశ్నకు వస్తున్నాను. ఇది కాస్త పొడుగు.

19వ శతాబ్దంలో చాలాకాలం అర్మేనియన్‌ను ఇరానీ భాషల్లో ఒకటనే లెక్కేశారు. కారణం ఉంది. పార్థియన్ల (పాత ఇరాన్‌ను ఏలినవాళ్లు) నుంచి వచ్చిన మాటలు అందులో కుప్పలుగా ఉన్నాయి. అర్మేనియాను ఏలిన అర్షకునీ రాజవంశం పార్థియన్లదే. వెయ్యికి హజార్, స్వేచ్ఛగా ఉన్నవాడికి అజాత్, గుర్తుకు న్షాన్, శిష్యుడికి అషకెర్త్, కిరీటానికి థాగ్, ఉత్తరానికి నమక్. హైదరాబాదులో పుట్టిపెరిగిన వాళ్లకు ఇవి కొత్తగా అనిపించవు: హజార్, ఆజాద్, నిషాన్, శాగిర్ద్, తాజ్, షానామాలోని నామా. పారశీకం నుంచి ఉర్దూ మీదుగా మనకొచ్చినవే, పార్థియన్ మీదుగా అక్కడికి ఇంకా ముందే చేరాయి.

1875లో జర్మన్ పండితుడు హైన్రిష్ హ్యూబ్ష్‌మన్ ఈ అరువు మాటలన్నిటినీ పొరలు పొరలుగా తీసి పక్కన పెట్టాడు. కింద మిగిలిన మూలపదాలు ఇరానీ ధ్వనిసూత్రాలకు లొంగలేదు. ఇండో-యూరోపియన్ కుటుంబంలో అర్మేనియన్ ఒక స్వతంత్ర శాఖ అని తేలింది. దానికి అన్న లేడు, తమ్ముడు లేడు.

సంస్కృతం తెలిసినవాళ్లు ఈ పోలికలు చూడండి. భరామి అంటే బెరెమ్. ద్వారం దుర్న్. మాంసం మిస్. మాసం అమిస్. నామం అనున్. ఘర్మం (వేడి) జెర్మ్. గోవు కోవ్. స్నుష (కోడలు) ను. శ్వశ్రూ (అత్త) స్కెసుర్. ఇవి ఒకరి నుంచి ఒకరు తీసుకున్నవి కావు, ఒకే మూలం నుంచి ఎవరి దారిన వాళ్లు తెచ్చుకున్నవి.

ప కారం అక్కడ హ అయింది. పంచ అక్కడ హింగ్. పితర్ అక్కడ హాయ్ర్. మధ్యలో త కారం అరిగి య అయిపోయింది. మాతర్ కూడా మాయ్ర్ అయింది. కన్నడం విన్నవాళ్లకు ప-హ మార్పు పరిచయమే: మన పాలు, పులి, పువ్వు వాళ్లకు హాలు, హులి, హూవు. రెండు వేర్వేరు కుటుంబాల భాషలు, మార్పు మాత్రం ఒకే తీరు.

అన్నిటికంటే విచిత్రమైనది రెండు అనే మాట. సంస్కృతంలో ద్వ, లాటిన్‌లో దుఓ, అర్మేనియన్‌లో ఎర్కు! చూస్తే చుట్టరికమే కనిపించదు. కానీ మూలంలో 'ద్వ'తో మొదలైన మాటలు అక్కడ 'ఎర్క్' అవుతున్నాయి. పొడుగుకు ఎర్కర్, భయపడటానికి సంబంధించిన ధాతువు ఎర్కి, ఇవి కూడా అలాంటివే. ఈ సూత్రాన్ని ఫ్రెంచి పండితుడు ఆంత్వాన్ మెయ్యె స్థిరపరిచాడు. మధ్యలో ఏ మెట్లు ఎక్కి అలా మారిందన్న దానిమీద ఇప్పటికీ వాదనలు నడుస్తున్నాయి. పోలిక వినికిడిలో ఉండదు, మార్పులో ఉండే క్రమంలో ఉంటుందని విద్యార్థులకు చెప్పడానికి నేను ఎప్పుడూ ఈ ఉదాహరణే వాడేవాణ్ణి.

ఇసుకతిన్నె

అయితే ఆ మాట్లాడేవాళ్లు ఆ కొండల్లోకి ఎప్పుడొచ్చారు? ఎక్కడ్నుంచి?

పెద్దబాలశిక్ష

హెరొడోటస్ వాళ్లను ఫ్రిజియన్ల వలస అన్నాడు. భాషాపరంగా ఫ్రిజియన్‌తో అంత దగ్గరితనం రుజువు కాలేదు. గ్రీకుతో మాత్రం చెప్పుకోదగ్గ పోలికలు ఉన్నాయి, కొందరు గ్రీకు-అర్మేనియన్ ఉపశాఖే ఉండేదంటారు. వాన్ సరస్సు చుట్టూ క్రీ.పూ. 9వ శతాబ్దం నుంచి ఉరార్తు రాజ్యం ఉంది. ఆ భాష ఇండో-యూరోపియన్ కాదు, హురియన్‌కు బంధువు. అది క్రీ.పూ. 6వ శతాబ్దం మొదట్లో కూలింది. దరియస్ చక్రవర్తి బెహిస్తూన్ శాసనంలో, సుమారు క్రీ.పూ. 520లో, 'అర్మిన' అనే పేరు కనిపిస్తుంది. అదే చోటును ఆ శాసనం బాబిలోనియన్ పాఠం 'ఉరష్టు' అంటుంది. అంటే పాత రాజ్యం పేరు ఇంకా నోళ్లలో ఉండగానే కొత్త పేరు వచ్చేసింది.

పాత భాష పూర్తిగా పోలేదు. ఆపిల్‌కు అర్మేనియన్ మాట ఖ్న్‌జోర్, ప్లమ్ పండుకు సలోర్, ఇవి హురియన్-ఉరార్తు పొర నుంచి వచ్చినవంటారు. కొత్తగా వచ్చినవాళ్లు ఆ నేల పండ్లకు ఆ నేలవాళ్ల పేర్లే ఉంచుకున్నారు. యెరెవాన్ పేరు కూడా అంతే. అర్గిష్టి రాజు క్రీ.పూ. 782లో కట్టిన ఎరెబుని కోట నుంచి వచ్చింది. కోట కట్టించానని చెక్కించిన శరాకార శాసనం ఇప్పటికీ ఉంది.

వాళ్లు తమను హాయ్ అని, భాషను హయరెన్ అని, దేశాన్ని హాయస్తాన్ అని చెప్పుకుంటారు. అర్మేనియా బయటివాళ్లు పెట్టిన పేరు.

గ్లెండేల్_గౌరి

నాదో సందేహం. మా ఆఫీసులో ఇద్దరు అర్మేనియన్లు ఉన్నారు. ఒకరి కుటుంబం బేరూత్ నుంచి, ఇంకొకరిది టెహ్రాన్ నుంచి. ఇద్దరూ అర్మేనియన్‌లో మాట్లాడుకుంటారు కానీ మధ్యలో ఆగి "మీరు దాన్నేమంటారు" అని అడుక్కుంటారు. ఒకే పేరును ఒకరు హగోప్ అని, ఒకరు హకోబ్ అని పలుకుతారు. ఎందుకలా?

పెద్దబాలశిక్ష

గౌరి గారూ, మీరు విన్నది పడమటి, తూర్పు అర్మేనియన్ల మధ్య తేడా. 5వ శతాబ్దపు రాతభాషను గ్రాబార్ అంటారు. జనం నోట్లో భాష మారుతూ పోయింది, రాత మాత్రం గ్రాబార్‌లోనే సాగింది. 19వ శతాబ్దంలో వాడుకభాషకు రాతలో చోటు కావాలని ఉద్యమం వచ్చింది. దాన్ని అష్ఖార్హాబార్ అంటారు. ఇస్తాంబుల్ మాటతీరు మీద పడమటిది, అరారాత్ లోయ మాటతీరు మీద తూర్పుది ప్రామాణికాలుగా నిలిచాయి.

తూర్పున బ పలికే చోట పడమట ప, ప పలికే చోట బ. తూర్పున పెత్రోస్, పడమట బెద్రోస్. గ్రిగోర్ అక్కడ క్రికోర్. రాసే అక్షరం మాత్రం ఒకటే.

కలం_కాగితం

గ్రాబార్, అష్ఖార్హాబార్ అంటుంటే గ్రాంథిక, వ్యావహారిక వాదాలే గుర్తొస్తున్నాయి. అక్కడ గిడుగు లాంటివారు ఎవరు?

పెద్దబాలశిక్ష

ఖచాతుర్ అబొవ్యాన్ అని చెప్పొచ్చు. కనకెర్ గ్రామంలో పుట్టాడు. 1829లో పారట్ అనే శాస్త్రవేత్తతో కలిసి అరారాత్ శిఖరం ఎక్కాడు. ఆ తర్వాత దోర్పాత్ విశ్వవిద్యాలయంలో చదువుకుని వచ్చి బడులు నడిపాడు. గ్రాబార్‌లో రాస్తే తన ఊరివాళ్లు చదవలేరని 1841లో కనకెర్ మాటతీరులో 'అర్మేనియా గాయాలు' అనే నవల రాశాడు. బతికుండగా అచ్చు కాలేదు. 1848లో ఒక ఉదయం ఇంట్లోంచి బయటకు వెళ్లి మళ్లీ తిరిగిరాలేదు. ఏమయ్యాడో ఎవరికీ తెలియదు. నవల 1858లో వచ్చింది. గిడుగువారు తన వాదం గెలవడం చాలావరకు చూసి వెళ్లారు, అబొవ్యాన్‌కు అది దక్కలేదు.

యెరెవాన్_తెలుగోడు

వర్ణక్రమంలో కూడా గొడవ ఉంది. సోవియట్ కాలంలో 1922లో మనుక్ అబెఘ్యాన్ ఆధ్వర్యంలో రాతను ఉచ్చారణకు దగ్గరగా మార్చారు. 1940లో కొంత వెనక్కి తెచ్చారు. బయటి దేశాల వాళ్లు మాత్రం పాత వర్ణక్రమమే వాడతారు. హొవ్హాన్నెస్ అనే పేరు పాత రాతలో 'య' అక్షరంతో మొదలవుతుంది, ఇక్కడ 'హ'తో రాస్తాం.

గ్లెండేల్_గౌరి

ఇప్పుడు అర్థమైంది! మా టెహ్రాన్ ఆవిడ మాట్లాడేది తూర్పు, రాసేది పాత వర్ణక్రమం. రెండూ కలిపిన వాళ్లు ఆవిడ. పడమటి మాటను యునెస్కో ప్రమాదంలో ఉన్న భాషల జాబితాలో పెట్టిందని బేరూత్ ఆయన చెప్పారు. 1915 జాతిహననంలో ఆ మాట మాట్లాడే ఊళ్లకు ఊళ్లే పోయాయి. మిగిలినవాళ్లు లెబనాన్, సిరియా, ఫ్రాన్స్, అమెరికా చెదిరిపోయారు. ఆయన పిల్లలను శనివారం బడికి పంపుతారు. ఆ బడి సంగతి విన్నప్పుడల్లా మన దగ్గర ఆదివారం నడిపే తెలుగు బడులే నా కళ్లముందు ఉంటాయి. మనకు వెనక రెండు రాష్ట్రాలున్నాయి. పడమటి అర్మేనియన్‌కు వెనక దేశం లేదు.

పెద్దబాలశిక్ష

1915 మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్పాలి. ముష్ పట్టణం దగ్గరి మఠంలో 1200-1202 మధ్య రాసిన ప్రసంగాల గ్రంథం ఒకటి ఉండేది. అర్మేనియన్ రాతప్రతుల్లో అన్నిటికన్నా పెద్దది, బరువు దాదాపు 28 కిలోలు. ఆ మారణకాండలో ఇద్దరు ఆడవాళ్లు దాన్ని రెండు భాగాలు చేసి తీసుకుపోయారు. ఒకామె తన భాగాన్ని అర్మేనియన్ చర్చి ప్రధాన పీఠం ఎచ్మియాద్జిన్‌కు చేర్చింది. రెండో ఆమె దారిలో చనిపోయే ముందు తన భాగాన్ని ఎర్జురుమ్‌లో పాతిపెట్టింది. అది కూడా తర్వాత దొరికింది. ఇప్పుడు ఆ గ్రంథం యెరెవాన్‌లోని మాతెనదారన్ అనే రాతప్రతుల భాండాగారంలో ఉంది.

చెన్నపట్నం

ఇంతసేపూ చదువుతూ ఉన్నాను, మద్రాసు పేరు ఎవరూ ఎత్తలేదేమిటా అని. అర్మేనియన్ భాషలో ప్రపంచంలోనే మొట్టమొదటి పత్రిక అచ్చయింది ఇక్కడే! పేరు అజ్దరార్, 1794 అక్టోబర్. నడిపింది షీరాజ్ నుంచి వచ్చిన హరుత్యున్ ష్మవోన్యన్ అనే పూజారి. 18 సంచికలు వచ్చాయి, 1796లో ఆగింది. 1824లో ఇక్కడే పోయారు, సమాధి అర్మేనియన్ వీధిలోని చర్చి ఆవరణలో ఉంది. ప్యారీస్ కార్నర్ దాటి లోపలికి వెళ్లాలి.

అంతకుముందే 1772 నాటికి షహమీర్ షహమీర్యన్ అనే వర్తకుడు ఇక్కడ అచ్చుయంత్రం పెట్టాడు. ఆయన అచ్చువేసిన 'వొరొగాయ్త్ పరాత్స్' స్వతంత్ర అర్మేనియా ఎలా నడవాలో రాసిన రాజ్యాంగ ముసాయిదా. రాజు లేని, ఎన్నికైన సభ ఉన్న దేశం. అప్పటికి అర్మేనియా అనే దేశమే పటంలో లేదు!

కలం_కాగితం

అచ్చు సంగతి ఇంకా వెనక్కి పోతుంది. మొదటి అర్మేనియన్ అచ్చుపుస్తకం 1512లో వెనిస్‌లో, బైబిలు 1666లో ఆమ్‌స్టర్‌డామ్‌లో. మొదటివన్నీ సొంత నేలకు దూరంగానే. వర్తకులు ఎక్కడుంటే అచ్చులు అక్కడ.

ఇసుకతిన్నె

లిపి తమ భాషకే పరిమితం కాలేదు కూడా. టర్కిష్‌ను అర్మేనియన్ అక్షరాల్లో రాసినవాళ్లున్నారు. 1851లో వచ్చిన 'అకబి హికయెసి' అలాంటిదే, టర్కిష్‌లో మొదటి నవల అదేనంటారు.

నిజాంసాగర్

మా హైదరాబాదుల ఉప్పుగూడ దిక్కు అర్మేనియన్ల గోరీలు ఉన్నయి, 17వ శతాబ్దంవి. గోల్కొండ కాలంల వర్తకానికి వచ్చినోళ్లవి. మచిలీపట్నంల కూడా ఉండేటోళ్లు. నాకు ఆ రాళ్ల మీది రాత సదవాలని ఉన్నది. యెరెవాన్ తమ్ముడు చెప్పిన ఇప్పటి అక్షరాల పట్టిక పట్టుకపోతే పనిచేస్తదా మాస్టారూ?

పెద్దబాలశిక్ష

పనిచేస్తుంది, పెద్దక్షరాల పట్టిక తీసుకెళ్లండి. రాళ్ల మీద సాధారణంగా పెద్దక్షరాలే చెక్కుతారు. చోటు కలిసి రావడానికి రెండు మూడు అక్షరాలను ఒకదానికొకటి అతికించేస్తారు, అక్కడ తొందరపడొద్దు.

పేరుతో కాకుండా ఏడుతో మొదలుపెట్టండి. అర్మేనియన్ శకం 552లో మొదలవుతుంది, దొరికిన సంఖ్యకు 551 కలపాలి. 17వ శతాబ్దపు రాయి అయితే మొదటి అక్షరం తప్పకుండా 'ర', దాని విలువ 1000. రెండో అక్షరం పదుల వరుసలోది అయితే ఆ రాయి దాదాపు 1650కి ముందుది. 100 విలువున్న 'చె' అయితే ఆ తర్వాతది. ఉదాహరణకు ర, ఘ, ద అని ఉంటే 1000, 90, 4. అంటే 1094. 551 కలిపితే 1645.

ఏడు దొరికాక దాని పక్కనే 'థ్విన్' అనే మాట ఉందేమో చూడండి, 'సంవత్సరాన' అని అర్థం. అది దొరికితే నాలుగైదు అక్షరాలు మీకు ఖాయమైనట్టే. వాటిని పట్టుకుని పేరు దగ్గరకు వెళ్లండి. వెలుతురు పక్క నుంచి పడే పొద్దుటి పూట ఫొటోలు తీసి ఇక్కడ పెట్టండి, కలిసి చదువుదాం.

నిజాంసాగర్

మంచిది. ఈ ఆదివారం పొద్దుగాలనే పోత. ఫొటోలు గిక్కడనే పెడ్త.